వసుధకు, తౌరాజీ తెరిచిన మర్నాడు

నేపుల్స్,
నవంబరు

ప్రియమైన వసుధా,

నీ ప్రశ్నకి జవాబు ముందే రాసేస్తున్నాను. లేకపోతే నవలలు చదివినట్టే మధ్య పేజీలన్నీ దాటేసి చివరికి పోతావు. తౌరాజీ వైన్ సీసా బాగుంది. చెడిపోలేదు, నీరసపడలేదు. నిజానికి ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. మిగిలినవి మీ అమ్మాయి పెళ్ళిదాకా ఉంచొచ్చా అని అడిగావు. ఉంచొచ్చు, విశాఖపట్నంలో మాత్రం కాదు. ఆ గొడవ చివర్లో రాస్తాను.

"ఒకటి తెరిచి చూసి ఎలా ఉందో రాయి, బాగుంది అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు" అన్నావు కదా. అందుకని ఓపిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందురోజు ఉదయమే సీసాని అరలోంచి తీసి నిటారుగా నిలబెట్టాను. ఇన్నేళ్ళు పడుకుని ఉన్న సీసా కదా, పక్కకి పేరుకున్న మడ్డి అడుక్కి దిగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. పాత బిరడాలోకి మామూలు స్క్రూ దించితే నడుం విరిగి సగం లోపలే ఉండిపోతుంది. రెండు పలచని రేకుల ఓపెనర్ ఒకటి ఉంటుంది చూడు, దాన్ని బిరడాకీ సీసా మెడకీ మధ్య చెరోవైపు దించి, మెల్లగా తిప్పుతూ పైకి లాగాను. బిరడా కింది అంచు మాత్రమే నల్లగా తడిసి ఉంది, పైభాగమంతా పొడిగానే ఉంది. అది చూసే సగం ధైర్యం వచ్చింది. వైన్ పైకి పాకలేదంటే గాలి కూడా లోపలికి అతిగా పోలేదని అర్థం. తరవాత సీసా మెడ కింద సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని గాజు కూజాలోకి సన్నటి ధారగా వంపాను. పూర్వం కొవ్వొత్తి వెలుగులో చేసేవారు. మెడ దగ్గరికి మడ్డి నల్లటి దారంలా వస్తూ కనిపించగానే ఆపేశాను.

రంగు చెప్పాలంటే, గ్లాసుని వంచి తెల్ల కాగితం మీద పట్టుకుంటే నడుమ ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు. కొత్తలో ఉన్న ఊదా ఛాయ పూర్తిగా పోయింది. వాసన మొదట్లో ఏం బాగాలేదు. చాన్నాళ్ళుగా తలుపు తియ్యని గదిలోకి వెళ్ళినట్టు అనిపించింది. కంగారు పడలేదు. పాత వైన్‌కి ఇది మామూలే, కాసేపు వదిలేస్తే పోతుంది. అరగంటకల్లా పోయింది. అప్పుడు పుల్ల చెర్రీ, ఎండు ఆలుబుఖారా, వాడిపోయిన గులాబీ, కొంచెం తోలు, కొంచెం తారు, ఎక్కడో మిరియాలు. ఈ చిట్టా నువ్వు నమ్మక్కర్లేదు. పక్కన కూర్చున్న మనిషినడిగితే ఇందులో సగం కొట్టేసి వేరే సగం రాస్తాడు. పత్రికల్లో వైన్ గురించి రాసేవాళ్ళు పదహారు పళ్ళూ నాలుగు పువ్వులూ వరసపెట్టి రాయడం చూస్తే నాకు నవ్వొస్తుంది. వాసన ఎవరి ముక్కు వాళ్ళది. నలుగురూ ఒప్పుకునే సంగతులు వేరే ఉన్నాయి: పులుపు ఎంత, వగరు ఎంత, మింగాక నోట్లో రుచి ఎంతసేపు నిలిచింది.

ఈ మూడింట్లో నీ సీసా గట్టిది. గుక్క నోట్లో పెట్టుకోగానే ముందు పులుపు తగిలి నాలుక పక్కన నీళ్ళూరాయి. వెంటనే వగరు వచ్చి చిగుళ్ళ మీద, బుగ్గల లోపల కూర్చుంది. ఒకటి నోరూరిస్తుంటే ఇంకొకటి ఆరబెడుతోంది. ఈ రెంటి పెనుగులాటే ఈ వైన్ అంతా. పదేళ్ళ కిందట దీన్ని తాగినప్పుడు మనిద్దరికీ గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది, గుర్తుందా? "ఇంత డబ్బు పోసి ఇదా కొన్నావు" అని మీ ఆయన ఎగతాళి చేశారు. ఆ వగరు ఇప్పటికీ ఉంది, కానీ గరుకు పోయింది. రాయి రాయే, అంచులు మాత్రం అరిగాయి. మింగాక రుచి చాలాసేపు నిలిచింది, చివర్లో చిన్న చేదుతో.

వేడి సంగతి కూడా చెప్పాలి. కూజాలో పోసినప్పుడు పదిహేను డిగ్రీలుంది. మరీ చల్లగా ఉంటే వగరు పళ్ళకి పట్టేస్తుంది. ఇరవై దాటితే ఆల్కహాల్ ఘాటు ముందుకొచ్చి మిగతావన్నీ వెనక్కి పోతాయి. పదిహేడూ పద్దెనిమిదీ మధ్య ఉన్న గంట గంటన్నరే అసలు వేళ. రెడ్ వైన్‌ని గది వేడిలో తాగాలన్న మాట చలిదేశాల పాత ఇళ్ళలో పుట్టింది. నేపుల్స్ వేసవికి అది కుదరదు, మీ ఊరికి అసలే కుదరదు.

గ్లాసెడు మిగిల్చి బిరడా పెట్టి ఉంచాను. మర్నాడు సాయంత్రం, అంటే ఇందాక, రుచి చూశాను. బలహీనపడలేదు సరికదా పండు రుచి ఇంకొంచెం బయటికొచ్చింది. నా లెక్కలో ఇదే పెద్ద పరీక్ష. ఆయుష్షు తీరిన వైన్ తెరిచిన గంటకే చప్పబడిపోతుంది. పూటంతా గాలి తగిలినా నిలబడిందంటే సీసాలో ఇంకా కొన్నేళ్ళు నిలబడుతుంది. అందుకే పైన అంత ధీమాగా రాశాను.

ఇక ఎందుకిలా అన్నది. మనిద్దరం కెమిస్ట్రీ చదివినవాళ్ళం, మనకి వివరాలు కావాలి. జెలటిన్ ద్రావణంలో టానిక్ ఆమ్లం వేస్తే తెల్లగా విరిగేది, ఏయూ ల్యాబ్‌లో చేశాం. నోట్లో జరిగేదీ అదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చిన టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుంటాయి, జిగురు పోయి నోరు పొడిబారుతుంది. సీసాలో పడుకున్న ఏళ్ళలో ఆ టానిన్లు ఒకదానితో ఒకటి, ఎర్ర రంగునిచ్చే ఆంథోసయనిన్లతోనూ ముడిపడతాయి. ఊదా ఎరుపు పోయి ఇటుక రంగు రావడం ఆ ముడి వల్లే. కొన్ని గొలుసులు బరువెక్కి అడుక్కి దిగితే మడ్డి అంటాం. టానిన్లన్నీ పెరిగి పెరిగి రాలిపోబట్టే వైన్ మెత్తబడుతుందని చాలా పుస్తకాల్లో రాస్తారు, అది సగమే నిజం. పులుపున్న ద్రావణంలో ఆ గొలుసులు తెగి చిన్నవీ అవుతుంటాయి. కట్టడం, విరగడం రెండూ ఏకకాలంలో నడుస్తాయి. పులుపు మాత్రం అంతగా తగ్గదు. ఆ పులుపే సూక్ష్మజీవుల్ని దూరంగా ఉంచుతుంది, కలిపిన కాస్త సల్ఫర్ డయాక్సైడ్‌కి బలమిస్తుంది, ఆక్సీకరణని మందగింప చేస్తుంది. అంటే కొత్తలో మన మొహాలు చిట్లించిన రెండు గుణాలే, ఆ వగరూ ఆ పులుపూ, ఈ వైన్‌ని ఇన్నాళ్ళు కాపాడాయి. తౌరాజీకి వాడే అల్యానికో ద్రాక్షలో రెండూ పుష్కలం. ఎక్కువ ద్రాక్షల్లో ఏదో ఒకటే ఉంటుంది.

అలాగని వగరున్న ప్రతిదీ ముదిరి మంచిదవుతుందని అనుకోకు. పండు లేని వగరు ముదిరితే ఉన్న కాస్త పండూ ముందు పోయి, వగరు ఒంటరిగా మిగులుతుంది. అలాంటి సీసాలు ఇక్కడ బోలెడు. "ఇంకా కొన్నేళ్ళు ఆగండి" అని అమ్మేవాడు చెబితే ఆ మాటకి రెండర్థాలుంటాయి. ఇంకో రకం కూడా ఉంది. 1990ల తరవాత ఇక్కడివాళ్ళు కొందరు 225 లీటర్ల కొత్త ఫ్రెంచి పీపాల మోజులో పడ్డారు. వగరు తొందరగా తగ్గినట్టు అనిపిస్తుంది, వెనిలా వాసన గుప్పుమంటుంది, విదేశాల్లో మార్కులు పడతాయి. పదేళ్ళు పోయాక వైన్ కంటే చెక్కే ఎక్కువ తెలుస్తుంది. నీ సీసా అదృష్టం, పెద్ద పాత పీపాల్లో పెరిగింది.

ఆ తోట ఉన్న కొండ వైపు నేను అప్పుడప్పుడూ వెళుతుంటాను. దక్షిణ ఇటలీ అనగానే సముద్రం, ఎండ, నిమ్మచెట్లు అనుకుంటారు. తౌరాజీ పుట్టే ఇర్పీనియాలో అవేవీ ఉండవు. నేపుల్స్ నుంచి తూర్పుకి, అవెల్లినో దాటితే కొండలు, చెస్ట్‌నట్ అడవులు, పొద్దున్నే మంచు. చలికాలం హిమపాతం కూడా. కాలోరే నది రెండువైపులా పదిహేడు ఊళ్ళకి మాత్రమే తమ వైన్‌ని తౌరాజీ అని పిలిచే హక్కుంది. తౌరాజీ ఊరి చుట్టూ నేల కొంచెం దిగువన ఉండి వైన్ కాస్త మృదువుగా వస్తుంది. పైన కాస్తెల్‌ఫ్రాంచి, నీ సీసా పుట్టిన మోంతెమరానో వైపు ఎత్తూ ఎక్కువ, చలీ ఎక్కువ, మొండితనమూ ఎక్కువే. అల్యానికో పండటం బాగా ఆలస్యం. మిగతా ఇటలీలో కోత ముగించి పీపాలు కడుక్కుంటుంటే, ఇక్కడ నవంబరులో కూడా గుత్తులు తీగ మీదే ఉంటాయి. వాన పడితే కుళ్ళు, మంచు పడితే ఇంకో బాధ. రైతు పొద్దునే లేచి ఆకాశం వంక చూస్తూ ఉంటాడు. ఆ ఆలస్యమే గింజలో వగరు పండటానికి వ్యవధి ఇస్తుంది, చల్లటి రాత్రులు పులుపుని కరగనివ్వవు. ముందే కోసేస్తే భద్రం. కానీ అప్పుడు వగరు పచ్చిగానే ఉండి, ఎన్నేళ్ళు దాచినా అలాగే ఉంటుంది.

చట్టం కూడా దీని స్వభావం తెలిసే రాసుకున్నారు. కనీసం 85 శాతం అల్యానికో ఉండాలి. మామూలు తౌరాజీ మూడేళ్ళు నిండకుండా బజారుకి రాకూడదు, అందులో ఒక ఏడైనా చెక్కపీపాలో ఉండాలి. నీది రిజర్వా కాబట్టి నాలుగేళ్ళు, పీపాలో పద్దెనిమిది నెలలు. కోసిన ఏడాది డిసెంబరు ఒకటి నుంచి లెక్క. అందుకే 2008 కోత నీ చేతికి వచ్చేసరికి మీ అమ్మాయి ఇక్కడి బడిలో చేరే ఈడుకి వచ్చింది.

దీన్ని దక్షిణాది బరోలో అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మన భాషని తూర్పుదేశపు ఇటాలియన్ అని మురిసిపోయేవాళ్ళ మీద నువ్వు ఎంత విసుక్కునేదానివో, అదే విసుగు. ఉత్తరాది బరోలో మంచి వైనే, దానితో నాకు తగువు లేదు. కానీ ప్రతిదానికీ ఉత్తరాది కొలబద్దే తెచ్చి పెట్టడమేమిటి?

కొలబద్ద మాట ఎందుకన్నానంటే, ఈ కొండల వైన్ ఉత్తరాదికి కొత్తదేం కాదు. పేరు లేకుండా వెళ్ళేది, అంతే. 1895లో అవెల్లినో నుంచి రొక్కెత్తా దాకా రైలుమార్గం పూర్తయింది. కాలోరే లోయలోంచి పోయే ఆ బండ్లలో పీపాలకొద్దీ వైన్ ఎక్కించి పంపేవారు. ఉత్తరాదివాళ్ళు తమ పలచని వైన్‌లో రంగూ బలమూ కోసం కలుపుకునేవాళ్ళు. ఫ్రాన్సునీ ఉత్తర ఇటలీనీ అంతకుముందే తినేసిన ఫిలోక్సెరా పురుగు ఈ కొండలకి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యంలోనే ఈ ఊళ్ళు నాలుగు డబ్బులు చూశాయి. తరవాత పురుగూ వచ్చింది, యుద్ధమూ వచ్చింది. మగవాళ్ళు పని వెతుక్కుంటూ ఉత్తరాది ఫ్యాక్టరీలకీ అమెరికాకీ వెళ్ళిపోయారు. మిగిలిన తోటల్లో ఎక్కువ కాపునిచ్చే రకాలు వెయ్యడమే తెలివని అందరూ అనుకున్నారు. నవంబరు దాకా కాచుకుంటే కానీ పండని, పండినా ఏళ్ళకేళ్ళు ఆగితే కానీ నోట పెట్టలేని ద్రాక్ష ఎవరిక్కావాలి?

ఆత్రిపాల్దాలో మాస్త్రోబెరార్దినో కుటుంబం ఉంది. 1878 నుంచి వైన్ వ్యాపారం. యుద్ధం అయ్యాక ఆ ఇంట ఆంతోనియో అనే ఆయన మొండికేశాడు. ఎర్రదానికి అల్యానికో, తెల్లవాటికి ఫియానో, గ్రేకో, ఈ పాత రకాలనే పెడతానన్నాడు. ఆయన 1968 తౌరాజీ రిజర్వాలని ఇవాళ్టికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ ఏడు మోంతెమరానో, కాస్తెల్‌ఫ్రాంచి, పియాన్ ద్'ఆంజెలో అని మూడు చోట్ల పంటని కలపకుండా విడివిడిగా సీసాల్లో నింపారు. ఏ కొండది ఆ కొండదే అని అప్పట్లో ఈ దక్షిణాదిలో అనుకున్నవాళ్ళు చాలా తక్కువ. 1970లో తౌరాజీకి మొదటి గుర్తింపు వచ్చింది, 1993లో అంతకన్నా పై మెట్టు, డీఓసీజీ. దక్షిణ ఇటలీ నేల మీద ఒక ఎర్ర వైన్‌కి ఆ పెద్ద ముద్ర పడటం అదే మొదలు. 2014లో ఆంతోనియో పోయేనాటికి, ఒకప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది సీసాలు నింపిన చోట ఊరూరా నేలమాళిగలు వెలిశాయి. ఒక్క మనిషి మొండితనమే ఇదంతా చేసిందనను. అవెల్లినోలో పంతొమ్మిదో శతాబ్దం నుంచే ద్రాక్షసాగూ వైన్ తయారీ నేర్పే బడి ఉంది. అక్కడ చదివిన పిల్లలు నాన్నల తోటలకి తిరిగొచ్చి, పళ్ళు టోకుకి అమ్మడం మాని సొంత పేరు వేసుకున్నారు. కానీ తిరిగి రావడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా, అది ఆయన మిగిల్చాడు.

ఈ మధ్యలో 1980 ఉంది. నవంబరు 23, ఆదివారం సాయంత్రం ఏడున్నర దాటాక నిమిషంన్నర పాటు భూమి కంపించింది. లియోని, సాంత్ ఆంజెలో దేయి లొంబార్ది, కొంజా నేలమట్టమయ్యాయి. దాదాపు మూడువేల మంది పోయారు, రెండు లక్షల మందికి పైగా గూడు లేకుండా మిగిలారు. ఈ కొండల్లో ఏ ఊరికి వెళ్ళినా కొత్త ఇళ్ళ వరస ఎక్కడ మొదలైందో చూస్తే ఆ రోజు ఎక్కడిదాకా కూలిందో తెలిసిపోతుంది. ఆ తరవాత కూడా తోటలు దున్నేవాళ్ళు మిగిలారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన వాళ్ళు తుపానుకి కొబ్బరితోట పడిపోతే మళ్ళీ మొక్క పాతడం నువ్వూ నేనూ చూశాం కాబట్టి నీకు వేరే చెప్పక్కర్లేదు.

అగ్నిపర్వతం సంగతి రాయకపోతే నువ్వే అడుగుతావు. ఇక్కడ ప్రతి అమ్మకందారూ వైన్‌లో వెసూవియస్ పొగ ఉందంటాడు. నేలలో బూడిద ఉన్న మాట నిజం. నాలుగువేల ఏళ్ళ కిందట వెసూవియస్ పెద్ద పేలుడొకటి పేలింది, దాన్ని అవెల్లినో పేలుడనే పిలుస్తారు. దాని బూడిదా, తేలికరాయీ ఇటువైపు వచ్చి పడ్డాయి. కానీ వేరు నేలలోంచి పొగ పీల్చి గింజకి పంపదమ్మా. బూడిద నేల నీటిని ఎలా ఆపుతుందో, ఎలా జారవిడుస్తుందో, అదే తీగకి తెలుస్తుంది. ఇంకో మేలూ ఉంది. ఇసకలాంటి బూడిద నేలలో ఫిలోక్సెరా సరిగ్గా బతకలేదు. అందుకే ఈ ప్రాంతంలో అక్కడక్కడా అంటు కట్టని, సొంత వేళ్ళ మీద నిలబడ్డ ముసలి తీగలు ఇంకా కాస్తున్నాయి. నాకు పొగ కంటే ఇది గొప్పగా కనిపిస్తుంది.

వేళ్ళంటే గుర్తొచ్చింది, మనం పాంపేయిలో చూసిన తోట. బూడిద కింద కుళ్ళిపోయిన తీగల వేళ్ళు మిగిల్చిన బొరియల్లో సిమెంటు పోసి, అక్కడ తీగ, ఇక్కడ గుంజ అని విల్‌హెల్మీనా యాషెమ్‌స్కీ తేల్చి చెప్పింది. వాటి జాడ పట్టుకుని 1996లో మాస్త్రోబెరార్దినో వాళ్ళు మళ్ళీ తీగలు నాటారు. నువ్వు ఆ రోజు ఎండకి తాళలేక నీడ వెతుక్కుంటూ పోయావు, అందుకే మళ్ళీ చెబుతున్నాను.

మీ అమ్మాయి పుట్టిన ఏటి సీసా దాచాలన్న ఆలోచన నీ సొంతమనుకోకు. అల్యానికో పండే ఇంకో కొండ ఉంది, బజిలికాటాలో వుల్తురే, 1326 మీటర్ల చల్లారిన అగ్నిపర్వతం. దాని పక్క ఊరు వెనోసాలోనే క్రీ.పూ. 65లో కవి హోరేస్ పుట్టాడు. ఆయన తను పుట్టిన ఏడే పుట్టిన వైన్ జాడీని పలకరిస్తూ ఒక గీతం రాశాడు. ఆ జాడీలోది ఇక్కడి అల్యానికో అని బడాయి పోను, అది కంపానియా ఉత్తరాన మాస్సికో కొండ వైన్. దానికి పొరుగుదే ఫాలెర్నియన్. క్రీ.పూ. 121లో ఒపిమియస్ కాన్సుల్‌గా ఉన్న ఏటి ఫాలెర్నియన్‌ని రోమన్లు తరాల తరబడి దాచారు. దాదాపు రెండొందల ఏళ్ళ తరవాత ప్లినీ రాసేనాటికి అది చిక్కబడి చేదు తేనెలా అయిపోయింది. ఉత్తినే తాగేందుకు వీల్లేదు, వేరే వైన్‌లో చుక్క కలుపుకునేవారట. పెట్రోనియస్ సతీరికాన్‌లో కొత్త డబ్బున్న త్రిమాల్కియో వందేళ్ళ ఒపిమియన్ అని చీటీలు కట్టిన జాడీలు విందులో తెప్పిస్తాడు. డబ్బు చూపించుకోవడానికి పాత వైన్‌ని మించినది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అందుకే అంటున్నాను, దాచడానికి ఒక హద్దుండాలి. అన్ని సీసాలూ ఒకేలా ముదరవని కూడా గుర్తుంచుకో. పోయిన వేసవిలో ఇక్కడొక కొట్లో ఇంకో పాత తౌరాజీ కొని తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. బిరడాలోని టీసీఏ అనే పదార్థం. లీటరుకి కొన్ని నానోగ్రాములు చాలు, వైన్ మొత్తం మూగబోతుంది. దానికి వయసుతో పని లేదు, మొదటి రోజే పాడై ఉంటుంది. ఒక్క సీసానే పాతికేళ్ళు పూజించి, అందరినీ పిలిచి తెరిచిన రోజు ఆ వాసన వస్తే ఏం చేస్తావు? నీకు ఒకటి కాదు, ఇంకొన్ని ఉన్నాయి కాబట్టి బతికిపోయావు.

తిండి సంగతి. నేను కార్మాష్యానో జున్నుతో తాగాను. రొక్కా సాన్ ఫెలీచే దగ్గర నేలలోంచి గంధకపు ఆవిరి చిమ్మే మెఫితే అనే మడుగుంది, దాని చుట్టుపక్కల మేసే గొర్రెల పాల జున్ను. జున్నులోని కొవ్వూ ప్రోటీనూ వగరుని పట్టుకుంటాయి, వైన్ మెత్తబడుతుంది. కాల్చిన గొర్రెమాంసమైనా అంతే. మన గోంగూర మాంసంతో మాత్రం వద్దు. మన కారంతో ఈ వగరు కలిస్తే కారం రెట్టింపై, వైన్ రుచి చచ్చిపోతుంది. పులుపు మీద పులుపు ఇంకోటి. ఉప్పూ మిరియాలూ వేసి నేతిలో వేయించిన వేపుడైతే ఒప్పుకుంటుంది, కారం డబ్బా జోలికి పోకపోతే.

ఇక పెళ్ళి. సీసాలు మీ ఊరు పంపమన్నావు. పంపను. మీ అల్మరాలో మే నెల వేడి ఎంతో నీకు తెలుసు. పది డిగ్రీలు పెరిగితే రియాక్షన్ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మనం బట్టీ పట్టిన సూత్రమే. ముప్పై అయిదులో అది వయసు పెరగడం కాదు, ఉడకడం. సీసాలో ద్రవం వ్యాకోచించి బిరడాని తోస్తుంది, చల్లబడినప్పుడు గాలి పీల్చుకుంటుంది. వైన్ ఫ్రిజ్ కొంటానంటావు, తుపాను వచ్చి నాలుగు రోజులు కరెంటు పోతే? ఇక్కడ మా మెట్ల కింద పసుపు రాయిలో తొలిచిన గది ఉంది కదా, వేసవిలోనూ చల్లగానే ఉంటుంది, చీకటి, కొంచెం తేమ. అక్కడే పడుకోనీ.

రెండో సంగతి, పెళ్ళికని ఎందుకు ముడి పెడతావు? అది చేసుకుంటుందో, ఎప్పుడు చేసుకుంటుందో నీ చేతిలో లేదు. చేసుకున్నా, వెయ్యిమంది వచ్చే మన పెళ్ళిళ్ళలో ఈ సీసా తెరిస్తే ఎవరికి తెలుస్తుంది? మీ ఆడపడుచు పళ్ళరసం అనుకుని గుక్కలో తాగేసి మళ్ళీ మొహం చిట్లిస్తుంది. 2033లో దానికి పాతికేళ్ళు. అప్పటికి ఈ సీసాలు మంచి ఈడులో ఉంటాయి. ఆ ఏడు నవంబరులో దాన్ని ఇటు పంపు, తోటకి తీసుకెళతాను, కోస్తున్నవాళ్ళ పక్కన నిలబడి గింజ నమిలి చూస్తుంది, సాయంత్రం ఒకటి తెరుస్తాం. నచ్చకపోతే నచ్చలేదని చెప్పనీ, మొహమాటపెట్టకు. మధ్యలో ఒకటి నువ్వొచ్చినప్పుడు తెరుద్దాం, వచ్చే ఏడైనా సరే, ఎలా నడుస్తోందో తెలుస్తుంది.

టిక్కెట్లు కొన్నాకే రాయి, కొంటానని కాదు. వచ్చేటప్పుడు కందిపొడి, ఆ పాత కొట్టు బెల్లం తీసుకురా. పోయినసారి పొడిలో వెల్లుల్లి ఎక్కువైంది, ఈసారి అమ్మనే కొట్టమను.

నీ,
లలిత